ఫలేజ్ అనుకుని మొదలుపెట్టాం: జనరల్ మాచెక్

తమ్ముడు: నమస్కారం. పోయినసారి మాటిచ్చినట్టే ఇవాళ ఫలేజ్ పోరు. రెండో ప్రపంచ యుద్ధం, 1944 ఆగస్టు, ఫ్రాన్స్‌లోని నార్మండీ. పోలండ్ ఒకటో ఆర్మర్డ్ డివిజన్, దాన్ని నడిపిన జనరల్ స్తానిస్వాఫ్ మాచెక్.

అక్క: ఇవాళ కూడా ఆ యాల్టా సమావేశం దాకా వెళ్తావా?

తమ్ముడు: వెళ్లక తప్పదక్కా. ముందు గుట్ట సంగతి. 262వ నంబరు గుట్ట, మ్యాపులో గదలా ఉందని మాచెక్ దానికి ఆ పేరే పెట్టాడు. జర్మన్లు తప్పించుకునే దారి దాని కిందే. దాదాపు 1,500 మంది సైనికులు, 80 ట్యాంకులతో పైకెక్కారు, చుట్టూ శత్రువులు, తూటాలు అయిపోవస్తున్నాయి, అయినా 21న కెనడా వాళ్లు వచ్చేదాకా కదల్లేదు.

అక్క: నెదర్లాండ్స్‌లోని బ్రెడా ఊరి సంగతి కూడా చెప్పు. అక్టోబరు 29న ఊరి మీద ఫిరంగులు కురిపించకుండా పక్కనుంచి చుట్టుకొచ్చి విడిపించాడు. జనం కిటికీల్లో పోలిష్‌లో థాంక్స్ రాసి పెట్టుకున్నారు. అలాంటి మనిషి తర్వాత ఎడిన్‌బరోలో ఓ హోటల్ బార్‌లో గ్లాసులు అందించాడురా!

తమ్ముడు: 1946లో వార్సాలోని కమ్యూనిస్టు ప్రభుత్వం ఆయన పోలిష్ పౌరసత్వం తీసేసింది కదా.

అక్క: వార్సా సంగతి సరే, మరి బ్రిటన్? జనరల్ పెన్షన్ ఎందుకివ్వలేదు?

తమ్ముడు: ఆయన వాళ్ల ఆర్మీ కాదు కదక్కా. పైగా అప్పుడు అక్కడ రొట్టెకి కూడా రేషనే. 1947లో చట్టం చేసి పోలిష్ సైనికుల్ని ఉండనిచ్చారు, అదీ చూడాలి.

అక్క: ఉండనిస్తే సరిపోతుందా? వాళ్లు గీసిన ప్లాన్ ప్రకారం వాళ్ల పక్కన నిలబడి పోరాడితే, అయ్యాక నువ్వు మావాడివి కాదంటారా? రూల్ అని చెప్పకు, ఆ రూల్ రాసిందీ వాళ్లేగా.

తమ్ముడు: ...

అక్క: చెప్పరా.

తమ్ముడు: అందుకే నేను యాల్టా అంటా. 1945 ఫిబ్రవరిలో అక్కడ రూజ్‌వెల్ట్, చర్చిల్, స్టాలిన్ ముగ్గురు పెద్దలు కూర్చుని పోలండ్ సరిహద్దు జరిపేశారు. మాచెక్ పుట్టింది ల్వూఫ్ దగ్గర. ఆ ఊరే సోవియట్‌లోకి పోయింది. తిరిగెళ్లడానికి ఆయనకి ఇల్లెక్కడుంది?

అక్క: ఆ మాట ఒప్పుకుంటా. 1994లో 102 ఏళ్లకి పోయాక కూడా బ్రెడాలో తన సైనికుల పక్కనే పడుకున్నాడు.

తమ్ముడు: జర్మనీ రేవు విల్‌హెల్మ్స్‌హాఫెన్ లొంగుబాటు ఇంకా చెప్పనే లేదు.

అక్క: అది వచ్చేసారి. ఆ పెన్షన్ మాట మాత్రం నేను వదలను, ఎందుకంటే...

తమ్ముడు: అక్కా, టైమైపోయింది.