రిటైర్మెంట్ మాట 58కి కాదు, 55కే ఎత్తండి

[దృశ్యం: తాడిపత్రి. బండల పాలిష్ ఫ్యాక్టరీ. పొద్దున షిఫ్టు మొదలవుతోంది.]

బండ మీద రెండు దెబ్బలు తట్టి, శబ్దాన్ని బట్టే లోపల పగులుందో లేదో చెప్పే పెద్దాయన మన ఫ్యాక్టరీల్లో ఎవరో ఒకరు ఉంటారు. ఇప్పుడు ఆయన నడుము మునుపటిలా వంగదు. ఆ సంగతి ఓనర్‌కు తెలుసు, ఆయనకూ తెలుసు. అయినా మాట ఎవరూ ఎత్తరు. ఎత్తితే, "ఏం సార్, నన్ను పంపించేస్తాండారా?" అంటాడు. ఇక ఏం మాట్లాడతాం?

అందుకే వయసుతో కాకుండా పీఎఫ్ పాస్‌బుక్‌తో మొదలుపెట్టండి. "అన్నా, నీకు ఎన్నేళ్ల సర్వీసు ఎక్కిందో చూద్దాం రా" అంటే ఎవరికీ కోపం రాదు. ఈ పని 55 ఏళ్లకే చేయాలి.

[తెరపై: పెన్షన్‌కు 10 ఏళ్ల సర్వీసు, 58 ఏళ్ల వయసు]

పీఎఫ్ పెన్షన్ నెలనెలా రావాలంటే 10 ఏళ్ల సర్వీసు ఉండాలి. మన దగ్గర మనిషి ఒక ఫ్యాక్టరీలో నాలుగేళ్లు, ఇంకోదాంట్లో ఏడేళ్లు చేసి ఉంటాడు. పాత ఖాతా కలిపితే పెన్షన్ ఉంది, కలపకపోతే లేదు. బోరు వేయించడానికో, కూతురి పెళ్లికో మధ్యలో పెన్షన్ సొమ్ము కూడా తీసేసుకుని ఉంటే ఆ సర్వీసు పోయినట్టే. పైగా బడిలో అయ్యవారు వేసిన పుట్టినతేదీ ఒకటి, ఆధార్‌లో ఇంకొకటి! ఇవన్నీ చివరి నెలలో సర్దుకునేవి కావు.

[తెరపై: తెల్లకాగితం, పెన్ను]

లెక్క కాగితం మీద వేసి చూపించండి. నెల జీతంలో బేసిక్, డీఏ (కరువు భత్యం) కలిపి 15,000, సర్వీసు 20 ఏళ్లు అనుకుందాం. 15,000ను 26తో భాగించి, 15తో, మళ్లీ 20తో గుణించాలి. పని మానేటప్పుడు ఓనర్ ఇవ్వాల్సిన గ్రాట్యుటీ 1,73,077 రూపాయలు. పెన్షన్‌కైతే 20 ఏళ్లు నిండినవాళ్లకు రెండేళ్లు అదనంగా కలుపుతారు. 15,000ను 22తో గుణించి 70తో భాగిస్తే నెలకు 4,714. యాభై దాటాక ముందే తీసుకోవచ్చు గానీ, 58కి ఎన్నేళ్లు తక్కువైతే ఏడాదికి 4 శాతం చొప్పున కోత పడుతుంది.

ఓనర్లు మాట దాటేయడానికి అసలు కారణం కూడా ఈ లెక్కే అని నా అనుమానం. ఇలాంటివాళ్లు ఐదుగురు ఒకే ఏడాది దిగితే 8,65,385 రూపాయలు, అదీ 30 రోజుల్లోపే ఇవ్వాలి. ముందే తెలిస్తే ఏటా కొంత పక్కన పెట్టుకోవచ్చు.

ఇక తేలిక పని. బరువులెత్తించకుండా బండల గ్రేడింగ్‌కు మార్చండి, పక్కన ఒక కుర్రాణ్ణి పెట్టండి, ఎండాకాలం మధ్యాహ్నం షిఫ్టు వేయొద్దు. కానీ పని తేలికైందని బేసిక్ తగ్గించారో, ఆయన ఇరవై ఏళ్ల గ్రాట్యుటీకి గండి కొట్టినట్టే. అది కట్టేది చివరి జీతం మీద కదా! పెన్షన్‌కు చివరి 60 నెలల సగటు చూస్తారు.

ఈఎస్‌ఐ, అంటే కార్మికుల వైద్య బీమా, సంగతి చాలామందికి తెలియదు. ఐదేళ్లు అందులో ఉండి రిటైరైతే, ఏడాదికి 120 రూపాయలకే భార్యాభర్తలిద్దరికీ వైద్యం అందుతుంది.

[దృశ్యం: ఆఫీసు గది. మూడు కుర్చీలు.]

ఆ రోజు ఆయన భార్యను కూడా పిలవండి. పీఎఫ్‌లో నామినీగా ఇప్పటికీ ఎప్పుడో పోయిన వాళ్లమ్మ పేరే ఉండొచ్చు. పెళ్లికి ముందు రాయించిన నామినేషన్ పెళ్లయ్యాక చెల్లదు. ఆధార్, ఫోన్ రెండూ తెమ్మనండి. నామినీ పేరు మార్చేటప్పుడు ఓటీపీ ఆ ఫోన్‌కే వస్తుంది.