వాలెట్ పార్కింగ్ టోకెన్‌కి రివ్యూ! వెనకవైపు ఎప్పుడైనా చదివారా?

నమస్తే అండీ. ఈ రెస్టారెంట్ బిర్యానీ సంగతి ఇంకో వీడియోలో చూద్దాం. ఈరోజు రివ్యూ మాత్రం ఈ వాలెట్ టోకెన్‌కి. అదేనండీ, గేటు దగ్గర మన తాళాలు తీసుకుని బండి వాళ్ళే పార్క్ చేసేటప్పుడు మన చేతికిచ్చే బిళ్ళ. దగ్గరగా పెడతా, చూడండి. ముందు నంబర్ ఇంత పెద్దగా ఉందా? వెనక్కి తిప్పితే చీమ తలకాయంత అక్షరాలు: "వాహనం గానీ, అందులోని వస్తువులు గానీ పోతే యాజమాన్యానికి సంబంధం లేదు."

ఇలా అచ్చేయించేసుకుంటే అయిపోతుందా? అవ్వదండీ. 1998లో ఒకాయన ఢిల్లీలో తాజ్ మహల్ హోటల్‌కి మారుతీ జెన్‌లో వెళ్ళి, తాళాలు వాలెట్ చేతికిచ్చారు. అర్ధరాత్రి దాటాక బయటికొస్తే బండి లేదు. వేరే కారులో వచ్చిన కుర్రాళ్ళు ఆ తాళాలు తీసుకుని ఎంచక్కా తోలుకుపోయారు. హోటల్ వాళ్ళేమో "ఓనర్ రిస్క్ అని టోకెన్ మీద రాశాం కదా" అన్నారు. 2019లో సుప్రీంకోర్టు దాన్ని ఒప్పుకోలేదు. తాళం తీసుకున్నారంటే బండి మీ చేతిలో ఉన్నట్టే, పోతే మీ నిర్లక్ష్యం లేదని మీరే చూపించుకోవాలి అంది. తాళాలు ఎక్కడ పెట్టారో కూడా చూసింది. బయట డెస్క్ మీద, ఎవరికైనా అందేలా!

నేనూ ఇక్కడ అదే చూశా. గేటు పక్కన ప్లాస్టిక్ కుర్చీ, దాని మీద ట్రే, ట్రే నిండా తాళాలు. కుర్రాడు బండి తేవడానికి పరిగెడితే అక్కడ కాపలాకి ఎవరూ లేరు. పాపం అతన్నేం అంటాం, ఇద్దరి పని ఒక్కడే చేస్తున్నాడు.

అలాగని మనం ఏం పోగొట్టుకున్నా వాళ్ళే కట్టాలని కాదు. రైల్లో ఒకాయన నడుముకి కట్టుకున్న బెల్టులోంచి లక్ష రూపాయలు పోతే, అది రైల్వే సేవలో లోపం కాదని 2023లో ఇదే సుప్రీంకోర్టు చెప్పింది. అప్పగించింది వేరు, దగ్గర పెట్టుకున్నది వేరు. మరి కారు వెనక సీట్లో వదిలేసిన ల్యాప్‌టాప్? అది అసలు ఉందని నిరూపించడమే పెద్ద తలనొప్పి. దిగేటప్పుడే తీసేసుకోండి. టోకెన్ మాత్రం వెనక్కిచ్చే ముందు ఫోటో తీసి ఉంచుకోండి. ఏదైనా తేడా వచ్చి వాళ్ళు చేతులెత్తేస్తే 1915కి ఫోన్ చేయండి, అది వినియోగదారుల హెల్ప్‌లైన్.

వాలెట్‌కి నా రేటింగ్ 5కి 2, ఆ రెండూ ఆ కుర్రాడికే. తాళాలకి ఓ పెట్టె పెట్టించొచ్చుగా అని మేనేజర్‌ని అడిగితే "చూద్దాం సార్" అన్నారు. మీ ఊళ్ళో తాళాలు ఎక్కడ పెడుతున్నారో కామెంట్ చేయండి.