వాడుకే కాపాడిన గోడలు: స్విండన్ రైల్వే విలేజ్ కథ
(ప్రసంగ పాఠం)

సభలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

లాలాగూడలోనో కాజీపేటలోనో గుంతకల్లులోనో రైల్వే క్వార్టర్లలో పెరిగినవారు ఈ సభలో ఉంటే, ఇప్పుడు నేను చెప్పబోయే ఊరు వారికి పరాయిదిగా తోచదు. వరుస ఇళ్లు, వాటి నడుమ ఇన్‌స్టిట్యూట్, ఆసుపత్రి, ఒక చర్చి, పట్టాల అవతల కార్ఖానా. బతుకంతా రైల్వే చుట్టూనే తిరిగే ఇటువంటి పేటలకు తొలినాటి ఉదాహరణల్లో ఒకటి ఇంగ్లండులోని స్విండన్. అక్కడి కార్ఖానా 1986లో మూతపడింది. పనివారి కోసం కట్టిన భవనాలు ఆ పని లేని కాలంలో ఏమయ్యాయి, కొన్ని ఎలా నిలిచాయి, ఒకటి ఎందుకు పాడుపడింది అన్నదే ఈనాటి నా విషయం.

లండన్ నుంచి బ్రిస్టల్‌కు దారి వేస్తున్న గ్రేట్ వెస్టర్న్ రైల్వేకు ఇంజన్లు బాగుచేసే చోటు కావలసి వచ్చినప్పుడు, 1840లో కంపెనీ ఇంజన్ల విభాగం అధిపతి డేనియల్ గూచ్ స్విండన్‌ను సూచించగా చీఫ్ ఇంజనీరు బ్రూనెల్ ఒప్పుకున్నారు. 1843లో కార్ఖానా పని మొదలుపెట్టింది. పాత ఊరు కొండ మీది చిన్న సంతపట్నం. కార్ఖానా వెలసింది దిగువన పొలాల్లో. వచ్చే పనివారికి తలదాచుకునే చోటు లేదు కనుక కంపెనీ రాతితో సుమారు 300 ఇళ్లు కట్టించి, వీధులకు తన మార్గంలోని ఊళ్ల పేర్లే పెట్టింది: బ్రిస్టల్ వీధి, ఎక్సెటర్ వీధి, టాంటన్ వీధి, రీడింగ్ వీధి. కార్ఖానా ఉచ్చదశలో అక్కడ 14,000 మందికి పైగా పనిచేశారు.

ఆ పేటలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్న భవనం, ఊరివాళ్లు బ్యారక్స్ అని పిలిచే మూడంతస్తుల కట్టడం. పెళ్లికాని యువ పనివారికి బసగా దీన్ని 1840ల చివర మొదలుపెట్టి 1850లలో పూర్తిచేశారు. ఉమ్మడి వంటగది, ఉమ్మడి గదులు, కట్టుబాట్లు అన్నీ సిద్ధం చేశారు గాని, ఆ కట్టుబాట్ల కింద ఉండటం కుర్రవాళ్లకు నచ్చలేదు; ఎవరి ఇంట్లోనైనా ఒక గది అద్దెకు తీసుకోవడానికే ఇష్టపడ్డారు. 1861లో ఇనుప పట్టాలు తయారుచేసే మిల్లు మొదలైనప్పుడు వేల్స్ నుంచి వచ్చిన కుటుంబాలు తమ ఇళ్లు సిద్ధమయ్యేవరకు అందులో సర్దుకున్నాయి. తరువాత మెథడిస్టులనే క్రైస్తవ శాఖవారు దాన్ని తీసుకుని లోపలి భాగాన్ని మార్పించి, 1869 నుంచి ప్రార్థనా మందిరంగా వాడుకున్నారు. 1962లో అది రైల్వే మ్యూజియం అయింది. ప్రార్థనల కోసం తెరిచిన ఆ విశాలమైన హాలులోనే ఇంజన్లను నిలబెట్టారు. పేరుమోసిన ‘సిటీ ఆఫ్ ట్రూరో’ ఇంజను చాలా ఏళ్లు అక్కడే ఉండేది. 2000లో మ్యూజియం పట్టాల అవతల పాత కార్ఖానా షెడ్డులోకి ‘స్టీమ్’ అన్న పేరుతో తరలిపోగా, ఈ భవనం సంగీతం నేర్చుకునే యువతకు కేంద్రంగా మారింది.

ఈ వరుసలో గమనించవలసినది ఒకటుంది. కట్టిన పనికి ఆ భవనం మొదటి నుంచీ అక్కరకు రాలేదు. అయినా ప్రతిసారీ దాన్ని తీసుకున్నవారికి ఆ వారమే, ఆ నెలే తీరవలసిన అవసరం ఒకటి ఉంది. తలుపు తెరిచేవారు, పైకప్పు కారితే వెంటనే కనిపెట్టేవారు ఎప్పుడూ ఉన్నారు. పాత కట్టడాల రక్షణ గురించి మాట్లాడేటప్పుడు మనం శిల్పశైలి గురించి చాలా చెప్పుకుంటాం. తాళంచెవి ఎవరి దగ్గర ఉంది, వారు రోజూ వస్తారా అన్న ప్రశ్న మాత్రం అరుదుగా వేస్తాం. నా దృష్టిలో అదే మొదటి ప్రశ్న.

ఇళ్ల సంగతి తొందరగా చెప్పవచ్చు. 1966లో మున్సిపల్ కౌన్సిల్ వాటిని రైల్వే నుంచి కొని, తరువాతి సంవత్సరాల్లో బాగుచేసింది. వాటిలో నేటికీ జనం కాపురం ఉంటున్నారు. ఒక్క ఇంటిని మాత్రం పాతకాలపు పనివాడి ఇల్లు ఎలా ఉండేదో చూపడానికి మ్యూజియంగా ఉంచారు. ఒకటి చూడటానికి, మిగిలినవన్నీ ఉండటానికి. ఈ పాళ్లు నాకు ఎంతో సబబుగా తోస్తాయి.

ఆసుపత్రి చరిత్రకు ఇంతకన్నా లోతు ఉంది. 1847లో పనులు తగ్గి కుటుంబాలు ఇబ్బంది పడుతున్న రోజుల్లో, పనివారి వేతనం నుంచి వారం వారం కొంత పట్టి వైద్యం అందించే మెడికల్ ఫండ్ సొసైటీ ఏర్పడింది. వాలంటీరు రైఫిల్ దళానికి ఆయుధశాలగా కట్టిన చిన్న భవనాన్ని 1871లో ఆసుపత్రిగా మార్చి, కార్ఖానాలో చేతులూ కాళ్లూ నలిగినవారికి అక్కడ చికిత్స చేశారు. 1890ల మొదట్లో అదే సొసైటీ మిల్టన్ రోడ్డులో ఈతకొలనులు, టర్కిష్ స్నానగదులు, వైద్యుల గదులు ఉన్న పెద్ద భవనం కట్టింది. 1948లో బ్రిటన్‌లో జాతీయ ఆరోగ్య సేవ మొదలైనప్పుడు ఇటువంటి ఏర్పాటు స్విండన్‌లో అప్పటికే ఒక శతాబ్దంగా నడుస్తోంది. ఆసుపత్రి 1960లో మూతపడి, తరువాత కమ్యూనిటీ సెంటర్ అయింది. స్నానశాల మాత్రం ఎన్ని మరమ్మతులు జరిగినా, హెల్త్ హైడ్రో అన్న కొత్త పేరుతో ఈతకూ ఆరోగ్యానికీ సంబంధించిన పనిలోనే ఉంది. వాడుక మారని భవనాన్ని కాపాడటం అన్నిటికన్నా సులభమనిపిస్తుంది గాని, నీటి ఆవిరి తగిలే గోడలనూ పాత కప్పునూ నిలబెట్టడానికి అయ్యే ఖర్చు తక్కువేమీ కాదు.

ఇక పట్టాల అవతలికి వెళ్దాం. పేట నుంచి కార్ఖానాకు పట్టాల కింద ఒక సొరంగ మార్గం ఉంది. వేలమంది పనివారు షిఫ్టుకు నడిచిన దారి అది. ఇప్పుడు అందులో నడిచేవారు మ్యూజియానికో, బట్టల కొట్లకో వెళ్తారు. 1997లో కార్ఖానా షెడ్లలో పెద్ద కంపెనీల సరుకు తగ్గింపు ధరలకు అమ్మే ‘ఔట్‌లెట్ విలేజ్’ తెరిచారు. పాత కార్యాలయ భవనంలోకి 1994లోనే దేశ చారిత్రక కట్టడాల ఫొటోలు, పత్రాలు భద్రపరిచే సంస్థ వచ్చింది. 2005లో చారిత్రక కట్టడాలను, స్థలాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ తన ప్రధాన కార్యాలయాన్ని అదే ఆవరణలో కొత్తగా కట్టుకుంది, షెడ్ల కప్పును తలపించే వాలు కప్పులతో. బట్టల కొట్లను చూసి నొచ్చుకునేవారి బాధ నాకు తెలుసు. ఇంజన్లు పుట్టిన చోట చెప్పులు అమ్మడం చిన్నతనంగా కనిపిస్తుంది. కాని అంత పొడవైన షెడ్లను మ్యూజియాలతోనే నింపగల ఊరు ప్రపంచంలో లేదు. ఇక్కడ నన్ను నిజంగా బాధపెట్టేది వేరు: లోహాన్ని చేత్తో మలచిన నైపుణ్యానికి దొరికిన జీతం కొట్లో నిలబడేవారికి దొరకదు. గోడలు నిలిచాయి గాని ఆ బతుకుతెరువు నిలవలేదు.

చివరగా మెకానిక్స్ ఇన్‌స్టిట్యూషన్. పనివారు తమ చదువు కోసం తామే 1840లలో ఏర్పరచుకున్న సంస్థ ఇది. 1855 నాటికి పేట నడిబొడ్డున సొంత భవనం పూర్తయింది. పుస్తకాలు ఇంటికిచ్చే గ్రంథాలయం, పఠన మందిరం, నాటకశాల, ఉపన్యాసాలు అన్నీ అక్కడే. పేటలోని భవనాలన్నిటిలో ఎక్కువ మందికి జ్ఞాపకాలున్నది ఇదే. 1986లో కార్ఖానాతోపాటు మూతపడి, ప్రైవేటు చేతుల్లోకి వెళ్లి, ఎన్నో పథకాలు విని, ఒక్కటీ జరగక పాడుపడింది కూడా ఇదే. బ్యారక్స్‌కు దొరికినట్టు చిన్న అవసరమున్న మనిషి దీనికి దొరకలేదు. మొత్తాన్ని ఒకేసారి మార్చివేసే పెద్ద పథకం కోసమే ఎదురుచూశారు. ఎదురుచూసిన ఏళ్లలో వాననీరు తన పని తాను చేసుకుపోయింది. ఈ భవనాన్ని తిరిగి ప్రజల వాడుకలోకి తేవాలని ఏర్పడిన ట్రస్టు పక్కనున్న పాత ఆసుపత్రి భవనాన్ని కమ్యూనిటీ సెంటర్‌గా నడుపుతూ వచ్చింది.

ఇటీవల అదే ఊళ్లో రైలు పెట్టెలు తయారైన క్యారేజ్ వర్క్స్ పొడుగాటి భవనాన్ని కౌన్సిల్ భాగాలు భాగాలుగా బాగుచేయిస్తూ, ఒక్కొక్క భాగం పూర్తికాగానే వాడుకలో పెడుతోంది. 2021లో రాయల్ అగ్రికల్చరల్ యూనివర్సిటీ తన సాంస్కృతిక వారసత్వ విభాగాన్ని అందులో తెరిచింది. పురావస్తు శాస్త్రం, పాత కట్టడాల సంరక్షణ చదివే విద్యార్థులు అక్కడ తరగతులకు రాసాగారు. మెకానిక్స్ ఇన్‌స్టిట్యూషన్‌కూ ఇదే పద్ధతి పట్టాలని నా కోరిక: ముందు పైకప్పు, తరువాత ఒక హాలు, ఆ హాలుకు రోజూ వచ్చే పాతికమంది, ఆ తరువాతే నాటకశాల.