మాట్లాడేటప్పుడు మాట ఎక్కడ విరుగుతుంది?

గడ్డం కింద అరచెయ్యి ఆనించి 'వచ్చాడు' అని నిదానంగా అనండి. గడ్డం మూడుసార్లు దిగుతుంది: వచ్, చా, డు. అంటే మూడు సిలబుల్స్, ఒక్క ఊపులో పలికే ముక్కలు. ఇప్పుడు 'అని' అనండి. రెండు. ఇక రెండూ కలిపి, ఇంట్లో మాట్లాడినట్టే అనండి: 'వచ్చాడని'. ఐదు రావాలి కదా, నాలుగే వచ్చాయి. వచ్, చా, డ, ని. 'డు'లోని ఉకారం పోయింది, మిగిలిన డకారం వెళ్లి పక్కమాటలోని అకారాన్ని పట్టుకుంది.

బడిలో దీన్ని ఉత్వసంధి అని బట్టీ పట్టించారు. కానీ మెదడు మాటను ఎలా సిద్ధం చేస్తుందో చెవికి తెలిసేది సరిగ్గా ఇక్కడే.

'వచ్చాడు' అనే మాట మెదడులో వచ్-చా-డు అని ముందే విడగొట్టి ఉందనుకోండి. 'అని' చేరిన ప్రతిసారీ ఆ విభజనను చెరిపి మళ్లీ కట్టాలి. దండగ పని! నెదర్లాండ్స్‌లోని మాక్స్ ప్లాంక్ పరిశోధన సంస్థలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త విలెమ్ లెవెల్ట్, సహచరులతో కలిసి 1999లో ప్రచురించిన సిద్ధాంతం చెప్పేది ఇదే. జ్ఞాపకంలోంచి వచ్చేవి ధ్వనులు, వాటి వరస. సిలబుల్స్ మాత్రం పక్కనున్న మాటను బట్టి అప్పటికప్పుడు ఏర్పడతాయి. ఇంగ్లీషులో 'ఎస్కార్ట్ అస్' అన్నా అంతే: ఎస్, కార్, టస్.

మరి ఇంత వేగం ఎలా సాధ్యం? తరచూ వాడే సిలబుల్స్‌కి నాలుక, పెదవులు ఎలా కదలాలో మెదడులో తయారుగా ఉంటుందని లెవెల్ట్, మరో పరిశోధకురాలు లిండా వీల్డన్ 1994లో ప్రతిపాదించారు. డచ్‌లో 12,000కు పైగా సిలబుల్స్ ఉన్నా, మాటల్లో అత్యధిక భాగం 500 సిలబుల్స్‌తోనే నడిచిపోతుంది.

ఒక్క జాగ్రత్త. రాసే అక్షరమూ పలికే సిలబులూ ఒకటి కావు. 'సత్యం' రాతలో స, త్యం. నోట్లో సత్, యం. ఛందస్సులో ఆ 'స' గురువయ్యేది అందుకే, తకారం దానికి ఆనుకుంటుంది. గణాలు కట్టేటప్పుడు కాగితం చూడకండి, పైకి చదవండి.

ఇప్పుడు మీరు చెయ్యండి. 'ఎప్పుడు', 'ఇస్తాడు' విడివిడిగా లెక్కపెట్టి, తర్వాత 'ఎప్పుడిస్తాడు' అనండి. మధ్యలో వచ్చే 'డిస్' వినిపించిందా? అందులో డకారం మొదటి మాటది, మిగతాది రెండో మాటది.