ఆరోగ్యమైన సూదుల్ని పారేయకండి

సభకు నమస్కారం. ప్రిన్సిపాల్ గారు నా పరిచయానికే చాలా సమయం ఇచ్చారు, అందుకని నేరుగా విషయంలోకి వస్తాను.

1980ల్లో అడవులు చచ్చిపోతున్నాయని జర్మనీ అంతా గగ్గోలు పెట్టింది. బవేరియాలోని ఫిష్టెల్‌గెబిర్గె కొండల్లో స్ప్రూస్ చెట్ల పాత సూదులు, అంటే సూదుల్లాంటి ఆకులు, పసుపు తిరిగాయి. ఆమ్ల వర్షాలకు నేలలోని మెగ్నీషియం కొట్టుకుపోయింది. ఆ సూదిని చేతిలోకి తీసుకుని తిప్పి చూడండి: ఎండ తగిలే పైభాగం పసుపు, నీడపట్టు కిందిభాగం ఆకుపచ్చ! అంటే మెగ్నీషియం అందని సూదిని వెలుగే దెబ్బ తీస్తోంది. పత్రహరితం వాడుకోలేని శక్తి ఆక్సిజన్ మీదికి మళ్లి సూపర్ఆక్సైడ్ అనే హానికర ఆక్సిజన్ రూపం పుడుతుంది. దాన్ని సూపర్ఆక్సైడ్ డిస్మ్యుటేజ్ అనే ఎంజైమ్ హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుస్తుంది, విటమిన్ సి (ఆస్కార్బేట్) సాయంతో ఆస్కార్బేట్ పెరాక్సిడేజ్ అనే మరో ఎంజైమ్ ఆ పెరాక్సైడ్‌ని నీళ్లు చేస్తుంది. ఈ డిస్మ్యుటేజ్ పని మనకు తెలిసింది 1969లోనే, మెక్‌కార్డ్, ఫ్రిడోవిచ్ అనే జీవరసాయన శాస్త్రవేత్తల వల్ల.

స్లైడ్లు ఇంకా ఉన్నాయి, పక్కన పెడతాను. ఒక్క మాట చెప్పకపోతే నాకు మనసొప్పదు.

నేను అక్కడ పనిచేసిన ల్యాబులో ఫ్రీజరు నిండిందని ఆరోగ్యమైన చెట్ల సూదులన్నీ బయట పడేయించారు. "జబ్బు చెట్లవి ఉన్నాయిగా, చాలు" అన్నారు పెద్దాయన. చాలవండీ! జబ్బు సూదిలో ఎంజైమ్ ఎక్కువ కనబడితే అది బలమా, పోరాటమా? ఒళ్లు కాలుతోందని మనిషి పుష్టిగా ఉన్నాడంటామా? చలికాలంలో నిక్షేపంలాంటి సూదిలోనూ గ్లూటాథయోన్ రిడక్టేజ్ అనే ఇలాంటి రక్షక ఎంజైమ్ పెరుగుతుంది. అదే కొండ, అదే నెల, అదే వయసు కొమ్మ నుంచి ఆరోగ్యమైన సూది పక్కన లేకపోతే మన అంకెకు అర్థమే లేదు. ఆ సూదులు పోయాక మిగిలిన పట్టికల్ని ఏమని చదవాలి? ఇప్పటికీ నాకు కోపమే.

పిల్లలూ, మీరు రేపు హైవే పక్కన వేపాకుల్లో ఇవే ఎంజైమ్‌లు కొలుస్తారు. దుమ్ము పట్టిన ఆకు కోసినప్పుడే, రోడ్డుకు దూరంగా ఉన్న చెట్టు ఆకు కూడా కోయండి. లేతదానికి లేతది, ముదురుదానికి ముదురుది. ద్రవ నైట్రోజన్‌లోనే నూరండి. నూరిన ఆకును కలిపే బఫర్ ద్రావణంలో పీవీపీ (పాలీవినైల్‌పైరోలిడోన్) పొడి వేయండి, లేకపోతే ఆకులోని ఫినాల్స్ అనే రసాయనాలు ఎంజైమ్‌ని చెడగొడతాయి. ఆస్కార్బేట్ కూడా కలపండి, అది లేకపోతే పెరాక్సిడేజ్ చూస్తుండగానే చచ్చిపోతుంది.

మేడమ్ గారూ, మీ డిపార్ట్‌మెంట్ ఫ్రీజర్‌లో ఒక అర ఈ ఆరోగ్యమైన ఆకులకే వదిలేయమని అందరి ముందూ అడుగుతున్నాను.