చేతికి డబ్బివ్వని సాయం: ఇసబెల్లా గ్రాహమ్

1797 నవంబరులో న్యూయార్క్‌లో కొందరు ఆడవాళ్లు కలిసి ఒక సంఘం పెట్టారు. చిన్నపిల్లలున్న పేద వితంతువుల కోసం. చందా ఏడాదికి 3 డాలర్లు. ముందుండి నడిపింది ఇసబెల్లా గ్రాహమ్ అనే బడి పంతులమ్మ.

ఆమెదీ అదే బతుకు. పుట్టింది స్కాట్లాండ్‌లో, భర్త సైన్యంలో డాక్టరు. 1773లో కరీబియన్ దీవి ఆంటిగ్వాలో ఆయన పోయేనాటికి ముగ్గురు ఆడపిల్లలు, ఈమె కడుపుతో ఉంది. స్కాట్లాండ్ వెళ్లి బడి పెట్టి పిల్లల్ని సాకింది. 1789లో న్యూయార్క్ వచ్చి మళ్లీ బడే పెట్టింది.

సరే, సంఘం ఎలా నడిచేది? సాయం అడిగినామె ఇంటికి సంఘం మనిషి స్వయంగా వెళ్లి చూడాలి. చూడకుండా చిల్లిగవ్వ కదలదు. ఇచ్చేది కూడా డబ్బు కాదు, ఇంటికి కావలసిన సరుకులు. నగదు ఇవ్వాలంటే కమిటీ ఓటు వేయాల్సిందే. మొదటి చలికాలంలోనే 98 మంది వితంతువుల్ని, 223 మంది పిల్లల్ని గట్టెక్కించారు.

ఎప్పుడూ సరుకులే ఇస్తే చేయి చాపడం ఆగదు కదా? అందుకే ఒక చిన్న ఇల్లు కొన్నారు. బయటినుంచి పని తెప్పించి అక్కడ వితంతువులకు అప్పగించేవారు. చదువొచ్చిన వితంతువుల చేత, కొద్దిపాటి జీతమిచ్చి, ఊళ్లో దూరపు పేటల్లో బళ్లు పెట్టించింది గ్రాహమ్. తల్లికి జీతం, పిల్లలకు అక్షరం. నన్నడిగితే ఈ మొత్తంలో తెలివైన ఏర్పాటు ఇదే.

కటువైన షరతులూ ఉన్నాయి. నడవడి బాగాలేదనుకుంటే సాయం బంద్. ఈడొచ్చిన పిల్లల్ని వేరేవాళ్ల ఇళ్లలో పనికో వృత్తికో పెట్టాలి, చిన్నవాళ్లను ధర్మ బడిలో వేయాలి. కాదంటే, ఎంతో ప్రత్యేకమైన కారణం ఉంటే తప్ప, సాయం లేదు. బిడ్డను వేరే ఇంటికి పంపేయమంటే ఏ తల్లికైనా ఎంత కష్టమో వేరే చెప్పాలా?

1802లో న్యూయార్క్ శాసనసభ సంఘానికి చట్టబద్ధత ఇచ్చింది. ఇదేదో కాగితం ముచ్చట అనుకోకండి. అప్పటి చట్టంలో పెళ్లయిన స్త్రీ చేతిలో డబ్బు భర్తదే. చట్టబద్ధమైన సంఘానికైతే సొంత పేరున ఆస్తి ఉంటుంది.

అయినా ఒక చిక్కు మిగిలింది. సాయం తల్లి పేరున వస్తుంది. ఆ తల్లే పోతే? పిల్లలకు మిగిలేది బీదలందరినీ ఉంచే ఊరి సత్రమే. ఆ లోటు పూడ్చడానికే 1806లో అనాథ శరణాలయ సంఘం పుట్టింది. గ్రాహమ్ కూతురు జోవన్నా బెథూన్, అమెరికా తొలి ఆర్థిక మంత్రి అలెగ్జాండర్ హామిల్టన్ భార్య ఎలైజా అందులో ముఖ్యులు. ఎలైజా కూడా అప్పటికి రెండేళ్ల క్రితమే వితంతువైంది.