పొయ్యిలో పడ్డ కాగితాలు

అందరికీ నమస్కారమండీ. ఐ-94 మీద, అంటే అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే కాగితం మీద, తేదీ దగ్గరపడుతుంటే ఎలా ఉంటుందో ఇక్కడున్న చాలామందికి తెలుసు, ఆ టెన్షన్ నేను చెప్పక్కర్లేదు. కాకపోతే, ఏం జరిగినా మనకి తిరిగి వెళ్లడానికి ఒక ఊరుంది. 2021 ఆగస్టులో కాబూల్ తాలిబాన్ చేతికి చిక్కాక అమెరికా తీసుకొచ్చిన సుమారు 76 వేల మంది అఫ్గాన్లకి అది లేదు.

వాళ్లలో ఎక్కువమందిని హ్యుమానిటేరియన్ పెరోల్ మీద రానిచ్చారు, రెండేళ్లకి. వీసా లేకపోయినా దేశంలోకి అడుగు పెట్టనివ్వడం, అంతే. అది దానంతటదే గ్రీన్ కార్డు దాకా తీసుకెళ్లదు. అమెరికా సైన్యం దగ్గర దుభాషీలుగానో మరోలానో పనిచేసినవాళ్లకి స్పెషల్ ఇమిగ్రెంట్ వీసా పెట్టారు గానీ, దానికి ఉద్యోగం చేసినట్టు లెటర్ కావాలి, పై అధికారి సిఫార్సు కావాలి.

నేను శనివారాలు వీళ్లకి ఫారాలు నింపిపెట్టడానికి వెళ్లే చోట ఒకాయన్ని, ఆ లెటర్లు ఉన్నాయా అన్నా అని అడిగాను. కాల్చేశానన్నాడు. తాలిబాన్లు ఇల్లిల్లూ వెతుకుతున్నారని తెలిసి, ఏళ్ల తరబడి దాచుకున్న కాగితాలన్నీ ఆ రాత్రే వంటింటి పొయ్యిలో పెట్టేశాడట, బ్యాడ్జి ప్లాస్టిక్‌ది కదా, వాసన బయటికి వస్తుందని భయపడి కత్తెరతో ముక్కలు చేశాడట. ప్రాణం కోసం ఏవి తగలబెట్టాడో ఇప్పుడు వాటినే పట్టుకురమ్మంటున్నాం ఆయన్ని.

2022 ఆగస్టులో డెమోక్రాట్ ఎమీ క్లోబుచార్, రిపబ్లికన్ లిండ్సే గ్రాహం, ఇంకొందరు కలిసి సెనేట్‌లో అఫ్గాన్ అడ్జస్ట్‌మెంట్ యాక్ట్ బిల్లు పెట్టారు. మళ్లీ తనిఖీలు చేసి, అందులో నెగ్గినవాళ్లకి గ్రీన్ కార్డు ఇవ్వాలన్నది దాని సారాంశం. తనిఖీలు చాలవని కొందరు రిపబ్లికన్లు అడ్డుపడ్డారు. 2023లో మళ్లీ పెట్టారు, అప్పుడూ పాసవలేదు. ఇదే కాంగ్రెస్ 1966లో క్యూబా వాళ్లకి, 1977లో వియత్నాం, లావోస్, కంబోడియా వాళ్లకి ఇలాంటి చట్టాలే చేసింది, అందుకే నాకు ఇంకా బాధ. పైగా సొంత దేశానికి తిప్పి పంపకుండా 2022లో తాత్కాలికంగా ఇచ్చిన టీపీఎస్ రక్షణని కూడా 2025 జూలైలో తీసేశారు.

ఆయన కేసు ఇంకా తేలలేదు. మీలో సిటిజన్‌షిప్ వచ్చినవాళ్లు దయచేసి మీ సెనేటర్ల ఆఫీసులకి ఫోన్ చేయండి, ఎవరు ఎత్తినా సరే, బిల్లు పేరు చెప్పి మాట్లాడండి. నంబర్లు నా దగ్గరున్నాయి, టీ తాగేటప్పుడు ఇస్తాను.